ఆడవాళ్ళ గీత

మా పక్కింటి మాస్టారు మంగళవారం పొద్దున పోయారు. ఎంత పిలిచినా పలకడం లేదని పాలు పోసే ఆమె వచ్చి చెబితే, నేనే వెళ్ళి చూశాను. నిద్రలోనే పోయారు.

నరసరావుపేట హైస్కూల్లో నాకు సోషల్ చెప్పింది ఆయనే. ఏ దేశంలో మనుషులు సగటున ఎన్నేళ్ళు బతుకుతారో బోర్డు మీద గీతలు గీసి చెప్పడం ఆయనకు మహా ఇష్టం. జపాను గీత బోర్డు అంచు దాకా పోయేది, మనది ముందే ఆగేది. మన గీత పక్కన మళ్ళీ టౌను వాళ్ళదొకటి, బొల్లాపల్లి మెట్ట పొలాల్లో కూలికి పోయేవాళ్ళదొకటి గీసేవారు. ఆ పొట్టి గీత దగ్గర ఆయన గొంతు తగ్గేది. "ఇది దేవుడు గీసింది కాదర్రా, మనం గీసిందే" అనేవారు.

ఏ దేశంలో చూసినా మగవాళ్ళకంటే ఆడవాళ్ళ గీతే పొడుగు. ఆ లెక్కను ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నారు. ముందు పోయేది తనేనని తేల్చేసుకుని, రిటైరైన దగ్గర్నుంచీ భార్యకు పాఠాలు మొదలుపెట్టారు. బ్యాంకు ఫారం నింపడం, గ్యాస్ బుక్ చేయడం, ఫ్యూజు వేయడం, అన్నీ కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించారు. ఆమెను నేను పిన్ని అనేదాన్ని. "మీ మాస్టారు నన్ను ఒంటరిగా బతకటానికి తయారు చేస్తన్నారమ్మా. ముందు ఆయన్ని అన్నం వండటం నేర్చుకోమను" అని విసుక్కునేది. నేను నవ్వేదాన్ని.

ముందు పిన్నే పోయింది.

మాస్టారికి స్టవ్ వెలిగించడం కూడా రాదు. అన్నం వండటం నేనే నేర్పాను. పిన్ని గ్లాసుతోనే కొలిచేవారు, అది ఇద్దరికి సరిపోయే గ్లాసు. రోజూ మధ్యాహ్నం సగం అన్నం గిన్నెలో పెట్టుకుని "ఎక్కువైందమ్మా" అంటూ మా గుమ్మంలో నిలబడేవారు. అర గ్లాసే పోసుకోమని ఒకసారి చెప్పాను. గిన్నె నా చేతికిచ్చి అన్నారు:

"సగటు చానామందికి చెప్పుద్దమ్మా, ఒక్క మనిషికి ఏం చెప్పలేదు. పిల్లలకి చెప్పా గానీ నేనే నేర్చుకోలా."

గ్లాసు మాత్రం తగ్గించలేదు. పెళ్ళి చేసుకోని నాదీ ఒంటరి వంటే. నెమ్మదిగా నేను అన్నం వండటం మానేసి కూర మాత్రం చేసేదాన్ని; ఆయన అన్నం, నా కూర ఇద్దరం పంచుకునేవాళ్ళం. ఆ గుమ్మంలో అలికిడి కోసం నేనూ ఎదురుచూసేదాన్నని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది.

నిన్న మాస్టారి ఇల్లు సర్దడానికి వెళ్తే వంటింటి గోడ మీద కాగితం అలాగే ఉంది. పైన మొదటి మాట, "నేను లేనని కంగారుపడకు." ఆయన దస్తూరీ.

ఇవాళ మధ్యాహ్నం వంకాయ కూర దించి, రెండు కంచాలు పెట్టాను. అన్నం లేదు.