నాలుగడుగులు తక్కువ

ఆమె తమ్ముడు బోధన్ నుంచి వచ్చే బస్సు దిగి నేరుగా నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వచ్చాడు. "అక్క పోయింది సారూ, మొన్న సోమవారం" అన్నాడు. మంచినీళ్లు తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆమె నాకు చుట్టం కాదు. బోధన్ దగ్గర నేను గ్రామసేవకుడిగా పనిచేసిన పల్లెలో ఒక రైతు. భర్త పోయాక రెండెకరాల మెట్ట చెలకను నమ్ముకుని తమ్ముడితో కలిసి బతికింది. ఊరందరిలాగే నేనూ అవ్వా అని పిలిచేవాణ్ణి. చెరుకు గడ విరిస్తే మొదలు వైపు తియ్యటి ముక్క ఎదుటివాళ్లకిచ్చి, చప్పటి కొస తాను నమిలేది.

ఆ రోజుల్లో బావి తవ్వుకుంటే సగం ఖర్చు సర్కారు సబ్సిడీగా ఇచ్చేది. ముప్పై అడుగుల లోతుండాలి, పని మార్చి దాటకూడదు. కొలిచి రాసేది నేను. ఆమె బావిలోకి తాడు వేస్తే ఇరవై ఆరే వచ్చింది. అడుగున బండ. బండ పక్క నుంచి ఊట.

"నీళ్లు పడ్డయి గద సారూ, ఇంక లోతెందుకు?"

"కాగితం మీద ముప్పై ఉండాలె అవ్వా."

"కాయిదం గూడ దూపయి నీళ్లు తాగుతదా సారూ?" అని నవ్వింది. నేను నవ్వలేదు. పని పూర్తి కాలేదని రాసుకుని సైకిలెక్కాను.

రూలు రూలే కదా అని మీరనుకోవచ్చు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి, ఆ వారమే ఊరి పెద్ద పటేల్ బావి లెక్క రాయకపోయి ఉంటే. పటేల్ ఇంట్లో అన్నం తిని, అరుగు మీద కూర్చునే ముప్పై అని రాసి సంతకం పెట్టాను. బావి దాకా పోనేలేదు.

మార్చి దాటితే పైసలు రావని అవ్వ, తమ్ముడు ఇద్దరే బండ కొట్టడానికి దిగారు. రాళ్లు పైకి లాగుతుంటే తట్ట తాడు తెగింది. రాళ్ల తట్ట కింద ఉన్న అవ్వ కుడిచేతి మీద పడింది. బోధన్ దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు.

నెలాఖరున మళ్లీ వెళ్లి కొలిచాను. ముప్పై ఉంది. వేలిముద్ర కోసం కాగితం చాపితే, కట్టు కట్టిన చేతిని కొంగు కింద దాచుకుని అడిగింది. "ఎడమ చెయ్యైతే నడుస్తదా సారూ?"

నడుస్తదన్నాను.

ఆ తర్వాత ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. ఎప్పుడెళ్లినా చెరుకు ముక్క చేతిలో పెట్టేది. మన్నించిందనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

ఉద్యోగం మానేసి నిజామాబాద్‌లో కిరాణా దుకాణం పెట్టుకున్నాక, నిరుడు ఒకసారి ఆ ఊరు వెళ్లాను. అప్పుడు పటేల్ బావి సంగతి బయటపెట్టాను.

"ఎరుకనే. గా బాయి తవ్విన కూలోళ్లల్ల నా తమ్ముడున్నడు. ఇరవై రెండే ఉండె."

"మరి అప్పుడెందుకు అడగలేదవ్వా?"

"కలం నీ చేతిల ఉండె. అడిగితే సంతకం పెడుదువా బిడ్డా?"

ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. మన్నింపు అనుకున్నదంతా భయమని ఆ రోజు తెలిసింది. తల వంచుకున్నాను. ఆమె లేచి చాయ్ పెట్టింది. నేను తాగినంతసేపూ పక్కనే కూర్చుని, దుకాణం ఎట్లా నడుస్తోందని అడిగింది.

దినాల నాడు వెళ్లాను. కర్మలు పొద్దున్నే అయిపోయాయట. తమ్ముడు ఇంటి దగ్గర లేడు, చెలకలో ఉన్నాడన్నారు. వెళ్లేసరికి కొత్త చెరుకు నాటుతున్నాడు. ముక్కను బురదలో పెట్టి మడమతో తొక్కుతూ, ఒంగి ఒంగి అవతలి గట్టు వైపు సాగుతున్నాడు. నన్ను చూడలేదు. పిలవబుద్ధి కాలేదు. చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డాను. అవ్వ బావి నుంచి పారే ఎర్రటి నీళ్లు ఒక్కో సాలూ నింపుకుంటూ, నేనున్న వైపే మెల్లగా వస్తున్నాయి.