ముందు సీట్లో పెద్దామె

“బ్రేకులు మార్చేదానికి మా యమ్మ ఎందుకప్పా నీకు?”

ఆదోని మెకానిక్ చోటే సాబ్‌ను ఆస్పరి మధు నిలదీసి అడిగిన ప్రశ్న ఇది. ఆ షెడ్డుకు బ్రేకుల కోసం వచ్చిన ప్రతి మగవాడూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాగే అడిగాడు. చోటే సాబ్ కొత్త ప్యాడ్లు వేస్తాడు, అరిగిన డిస్కులు మారుస్తాడు, పట్టేసిన క్యాలిపర్లు ఊడదీసి వేరేవి బిగిస్తాడు. అంతా అయ్యాక తాళంచెవి జేబులో వేసుకుని, “ఇంట్లో పెద్దామె ఉంటే పిల్చుకోని రా. ముందు సీట్లో కూసోబెట్టి చూస్తే గాని బండి ఇయ్యను” అంటాడు.

దానికి ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. “నీలాంటోడు బ్రేకు పడతాదని ముందే కాళ్లు బిగబట్టుకుంటాడు. పెద్దామెకు ఆ దొంగబుద్ధి ఉండదు. బ్రేకు మంచిదైతే ఆమె మాట ఆగదు. చెడ్డదైతే నోట్లో వక్కాకు బయట పడతాది.”

ఈ పరీక్ష పుణ్యమా అని ఊళ్లో ముసలమ్మలకు గిరాకీ పెరిగింది. తల్లి లేనివాడు అత్తను తెచ్చాడు. అత్తతో మాటల్లేనివాడికి మాట్లాడక తప్పలేదు. శివశంకర్ ఎవరూ దొరక్క తాతను వెంటబెట్టుకుని వస్తే చోటే సాబ్ తల అడ్డంగా ఊపాడు. “తాత పనికిరాడు. ఈయన జిందగీ అంతా ముందు సీట్లోనే కూసున్నాడు.”

నా కారుకు పక్కింటి జొహరాబీని అరువు తెచ్చుకున్నాను. తిరిగొచ్చాక, “బ్రేకులెట్లా ఉన్నాయి ఖాలా?” అని అడిగాను. “ఎమ్మిగనూర్లో దుప్పట్లు చాన బాగుండాయి బేటా” అంది. బ్రేకుల సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

మధుది కిరాయి కారు. ఆ సాయంత్రం ఆరింటికి పెళ్లి కిరాయి ఉంది. తిట్టుకుంటూ బస్సులో ఆస్పరి పోయి తల్లి హులిగమ్మను తెచ్చాడు. చోటే సాబ్ ఆమెకు స్టూలు వేసి టీ తెప్పించాడు.

“యాడికి పోదాం పెద్దమ్మా?”

“నాకేం తెల్సు నాయనా. ఎమ్మిగనూర్లో మా యక్క తిమ్మక్క మంచం పట్టిందంట. ఒక్కసారి సూడాలని ఉంది. వీడు తీసకపోడు.”

“ఆ శేషప్ప నన్ను పెండ్లి బంతిలోంచి లేపినాడు! మర్సిపోయినావామ్మా? నీ యక్క కొడుకైతే మటుకు? ఆ గడప నేను తొక్కను” అన్నాడు మధు.

చోటే సాబ్‌కు ఇవేమీ వినబడినట్టు లేదు. “కొత్త ప్యాడ్లు డిస్కులకు అలవాటు పడాల. అట్ల ఎమ్మిగనూరు రోడ్డు పట్టి దూరం పోయొద్దాం” అంటూ స్టీరింగు ముందు కూర్చున్నాడు. షెడ్డులోనే ఉన్న నేనూ ఎమ్మిగనూరులో పనుండి వెనక ఎక్కాను, మధు పక్కన.

మొదట హులిగమ్మ రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుంది. కొడుకు కారు కొని మూడేళ్లయినా ఆమె చోటు వెనక సీట్లో మూటల మధ్యే. కాసేపటికి ఒక చెయ్యి వదిలింది, తర్వాత రెండోది.

“ఎట్లుంది పెద్దమ్మా?” చోటే సాబ్ బ్రేకు తొక్కాడు.

“ఆ మిరప ఎవుర్దో గానీ బో కాసింది నాయనా!”

“బ్రేకు ఎట్లుంది?”

“ఎప్పుడు ఏసినావు?”

ఎమ్మిగనూరులో హులిగమ్మ చెయ్యి చూపిన సందులోకి తిరిగి, ఒక ఇంటి ముందు పాలగిన్నె దించినంత మెత్తగా ఆపాడు.

“సాబ్! ఈడ ఎందుకు ఆపినావు?”

“నేను ఆపలేదప్పా. బ్రేకు ఆపింది.”

“తియ్, పోదాం! నాకు కిరాయి ఉంది.”

“డిస్కులు కాలతాండాయి, సల్లారాల. గంట పడతాది. గడప నువ్వు తొక్కద్దులే, బండ్లోనే కూసో.”

మధు దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. వేడిగానే ఉంది. దారి పొడుగునా పనిగట్టుకుని తొక్కుకుంటూ వస్తే చల్లగా ఎందుకుంటుంది? ఈలోగా హులిగమ్మ లోపలికి పోనేపోయింది.

“ఇంకా సావలేదేమే?”

“నువ్వు రాకుండా యాడ సస్తానే, పాపిష్టిదానా!”

తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకేసారి ఏడ్చారు, మళ్లీ ఒకేసారి ఎవరినో తిట్టుకున్నారు. శేషప్ప బొరుగుల ఉగ్గాని పళ్లెంతో బయటికొచ్చాడు.

“లోపలికి రాప్పా మధూ.”

“బండి సల్లారాల.”

“అట్లనా?” అని శేషప్ప కూడా వంగాడు. మాట్లాడుకోవాల్సిన ఇద్దరు మగాళ్లు చాలాసేపు డిస్కులకేసి చూశారు. మధు గడప తొక్కలేదు. ఉగ్గాని మాత్రం బానెట్ మీద పెట్టుకుని రెండు పళ్లేలు తిన్నాడు.

జొహరాబీ చెప్పిన దుప్పట్లు గుర్తొచ్చి నాకప్పటికి వెలిగింది. చోటే సాబ్ పరీక్షలన్నీ ఆ పెద్దామెలు ఏళ్ల తరబడి పోవాలనుకున్న చోటే ముగుస్తున్నాయి. ఆ మాటే ఆయనతో అన్నాను.

“సేవా గీవా అన్నావంటే స్పానర్ ఇసిరేస్తా సార్. ప్యాడ్లు సెట్ కావాల, అంతే.”

మధు ఆరింటి పెళ్లి కిరాయికి వేళకు చేరుకున్నాడు. హులిగమ్మ రాలేదు, వారం తర్వాత వస్తానంది. తీసుకురావడానికి మధు తనే పోతాడట. ఆ రోజు ఐదువందల పెట్రోలు చోటే సాబ్ తన డబ్బుతో పోయించాడు. ఆ ఐదువందలు మధు ఇంకా ఇవ్వలేదు.