బంతిపూలు పీల్చిన బండి

మేం కుర్రాళ్లుగా ఉన్న కాలంలో కలకత్తా గార్డెన్ రీచ్‌లో గాలి కూడా తాపీగా నడిచేది. హుగ్లీ నది మీద ఓడ కూత వేస్తే, అది మా షెడ్డు దాకా వచ్చేలోగా నేనొక కల కని లేచేవాణ్ణి. చదువు లేదు (అక్షరాలు పెళ్లయ్యాక దిద్దాను), పని సగమే వచ్చు, నమ్మకం మాత్రం నిండుగా ఉండేది. అలాంటివాడికి మావయ్య బళ్లు బాగుచేసే తన షెడ్డులో పని ఇచ్చాడు. కూతుర్నిమ్మంటే మాత్రం, ఒక్క పనైనా చివరికంటా చేసి చూపించమన్నాడు.

ఆ ఒక్క పనీ మేం షోకు దాదా అని పిలిచే బెంగాలీ ఆసామి తెచ్చాడు. ఓడలో దిగిన పాత రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఆయనది. ముందు చక్రాలు లాగే రకం. దానికి టర్బో పెట్టమన్నాడు. టర్బో అంటే మరేం లేదు, వృథాగా పోయే పొగతో ఒక పంకా తిప్పించి ఇంజనుకు ఎక్కువ గాలి ఊదించడం. నేను తుక్కులో పడున్న డీజిల్ లారీ టర్బో తెచ్చి బిగించాను. అది కారుకు మరీ పెద్దది. బానెట్ మూతపడక, ఊడదీసి గోడకు ఆనించాను. యాక్సిలేటర్ నొక్కితే ముందు ఏమీ ఉండదు, మనం మరిచిపోయాక ఒక్కసారిగా వస్తుంది. అచ్చం మావయ్య కోపమే.

గాలి గొట్టానికి క్లిప్పు బిగించడం, టర్బో గాలి పీల్చే మూతికి ఫిల్టర్ తొడగడం మిగిలాయనగా విశ్వకర్మ పూజ వచ్చిపడింది. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు. పైగా మావయ్య కూతురు, కొత్త యంత్రం కదా అని, టర్బో మూతికి బంతిపూల దండ వేసింది. పూజ పువ్వు తీయకూడదు. దాదాకేమో ఆ రోజే బండి కదలాలి. తోలడం పనికింద రాదు, సరదా కింద వస్తుందని మావయ్య తీర్పు చెప్పి నా పక్కన కూర్చున్నాడు. వెనక ఇరుకు సీట్లో ఆ పిల్ల దూరింది. మలుపు దాకా వెళ్లి రావాలి, అంతే. నా పెళ్లి ఆ మలుపులో ఉంది.

నొక్కాను. ఏమీ లేదు. ఆకాశం నిండా పూజనాటి గాలిపటాలు. వాటిని చూస్తూ ఇంకా నొక్కాను. అప్పుడొచ్చింది. చక్రాలు స్టీరింగును నా చేతుల్లోంచి ఎడమకు లాక్కున్నాయి. టర్బో దండను సేమియాలా జుర్రేసింది. క్లిప్పు ఊడింది. బండి గేదెల పాక పక్కన గడ్డివాములో ముక్కు పెట్టేసరికి, ఊడిన గొట్టం బంతి రెక్కలన్నీ తెరిచిన కిటికీల్లోంచి మా మీదికి ఊదింది. కాసేపు లోకంలో పసుపు ఒక్కటే ఉంది. ఒక గేదె వచ్చి మావయ్య భుజం మీది రెక్కలు రుచి చూసింది.

మావయ్య కోపం కోసం ఎదురుచూశాం. అది ఈసారి దారి తప్పింది.

"పూజ పువ్వు మీ ఇద్దరి మీదా పడిపోనాది," అన్నాడు బట్టతల దులుపుకుంటూ. "కాదంటే దేవుడూరుకోడు. ఇంకేటి సేత్తాం."

"నన్నడగవేటి, అయ్యా?" అంది వెనక నుంచి ఆ పిల్ల, నవ్వాపుకుంటూ. అడిగాడు. ఊఁ అంది. పరుగెత్తుకొచ్చిన దాదా ఒక్కడే, "ఆర్ ఆమార్ గాడీ?" అని తన బండి సంగతి అడిగాడు, పాపం.

ఇప్పుడు మా ఆవిడా నేనూ ఊరికి అటుచివరున్న సాల్ట్ లేక్‌కి క్యాబులో వెళుతుంటాం. కరెంటు బండి, చప్పుడుండదు. నా కుడికాలు ఖాళీ నేలను నొక్కుతూ ఉంటుంది. ఆవిడ చూస్తుంది.

"ఏటి, ఇంకా రానేదా?"

వస్తుందిలే, అంటాను. ఆవిడ ఎప్పుడూ నాకు ఎడమవైపే కూర్చుంటుంది. నేను మెల్లగా, ఆనాటి బండిలా, అటు ఒరుగుతాను.