ఇంకా నీళ్ళిస్తున్న బోర్లు

పక్క ఖాళీ జాగాలో ఎవరో బోరు వేయిస్తున్నారు. పొద్దుటి నుంచి ఇల్లంతా సన్నగా అదురుతోంది, కిటికీ ఊచల మీద తెల్లటి పొడి పేరుకుంది. నీళ్ళు తగిలిన రాతిపొడికి ఒక వాసన ఉంటుంది, తడి సున్నానికీ కడిగిన పలకకీ మధ్యలో ఎక్కడో. ఆ వాసన తగిలితే చాలు, నేను ఈ కుర్చీలోంచి మెల్లగా జారిపోయి, తొంభైల చివర్లో సూర్యాపేట బస్టాండు వెనక ఒక మేడమీది గదిలో తేలతాను. ఆ గదిలో ఒక కంప్యూటరు, దాని ముందు సుగుణ మేడం.

మేడం కోదాడ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేక ఆ కంప్యూటర్ సెంటర్ పెట్టారు. నేను అక్కడ టైపిస్టును. నా బడిచదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయం బల్లల మీద నాకు నేనే చెప్పుకున్నాను. అలా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. ప్రతి కాగితంలోనూ మోసం కనిపిస్తుంది, ప్రతి ఆఫీసు కుర్చీని చూసినా ఒళ్ళు మండుతుంది. ఆ మంట నాకింకా ఆరలేదు. దాన్ని ఏ పొయ్యి కింద పెట్టాలో నేర్పింది మాత్రం ఆవిడే.

ఆవిడ వాడే కంప్యూటర్ భాష పేరు ఒంటి అక్షరం: ఆర్. లెక్కల కోసమే పుట్టిన భాష. దానికి తోడు ప్యాకేజీలని వచ్చేవి. అసలు భాషకు చేతకాని పనిని ఒక్కో ప్యాకేజీ ఒక్కోటి చేసిపెట్టేది. ఒకటి వేరే చోట దాచిన అంకెలను తెచ్చుకునేది, ఇంకొకటి చెట్టు కొమ్మల్లా ప్రశ్న లోంచి ప్రశ్న చీల్చుకుంటూ పోయేది. హైదరాబాదులో ఉన్న ఆవిడ పాత విద్యార్థి వాటిని ఫ్లాపీల్లో ఎక్కించి, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాడు. వాటికి పైసా కట్టనక్కర్లేదంటే నేను నమ్మలేదు.

"ఊరికెనే ఎవలిస్తరు మేడం? ఎన్క ఏదో కిరికిరి ఉంటది."

"ఎండలో చలివేంద్రం పెట్టినవాణ్ణి నీ ఇంటిపేరేంటని అడుగుతావా యాదగిరీ? తాగు. గ్లాసు బోర్లించి పో."

ఒక వేసవిలో మఠంపల్లి వైపు తండా నుంచి రూప్లా అని ఒకతను వచ్చాడు. తండాలో తాగునీళ్ళు లేవు. ఆడవాళ్ళు పొలాల్లో ఎవరి మోటారు నడుస్తుందో చూసుకుని, బిందెలతో అంత దూరమూ నడిచేవారు. మంచినీళ్ళ బోరు వేయమని అడిగితే ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: ఆ ప్రాంతంలో బోర్లు సగటున రెండేళ్ళకే ఎండిపోతాయి, కనుక మంజూరు చేయలేము. మళ్ళీ ఒక దరఖాస్తు టైపు చేసిపెట్టమని రూప్లా నా దగ్గర కూర్చున్నాడు. నా కడుపుమంటంతా అందులో పోశాను. మేడం అది చదివి కళ్ళజోడు తీశారు.

"తిట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. నీళ్ళే లేవు ఇందులో. ఇంతకీ ఆ రెండేళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"ఎండిన బోర్లు సూసి రాసుకపోయిన్రు మేడం, ఆఫీసోళ్ళు," అన్నాడు రూప్లా.

"ఎండినవేనా?"

ఆ ఒక్క మాటా అని, గోడ మీది క్యాలెండరులో ఆదివారం చుట్టూ సున్నా చుట్టారు. ఆ ఆదివారమే ముగ్గురం తండా చుట్టూ తిరిగాం. బోరు కనిపించిన చోటల్లా ఆగి, ఎప్పుడు వేశారు, ఎండితే ఎప్పుడెండింది, అని అడిగాం. వచ్చి అంతా కంప్యూటరులోకి ఎక్కించాను. ఇంకా పారుతున్న వాటికి ఎండిన సంవత్సరం ఉండదు కదా, ఆ గడి ఖాళీగా వదిలేశాను. తెర మీద ఆ గడులన్నిటిలో ఎన్, ఏ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు మొలిచాయి.

"ఏంది మేడం గిది, సగం బోర్లు నా, నా అంటున్నది! దీనికెప్పుడు రాసిచ్చిన్రు?"

మేడం కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. నవ్వు సద్దుమణిగాక అన్నారు: "ఏమీ తెలియదు అనడానికి అది గుర్తయ్యా. పారుతున్న బోరు గురించి నీకు ఏమీ తెలియదా? నిన్నటిదాకా ఇచ్చిందని కళ్ళారా చూశావుగా. అదీ తెలిసినట్టే. దాన్ని పారేయకూడదు."

అప్పుడు ఒక ఫ్లాపీ పెట్టారు. అందులోది సర్వైవల్ అనే ప్యాకేజీ. జబ్బుపడ్డ మనుషులు ఎంతకాలం బతుకుతారో లెక్కించడానికి ఎవరో దొర రాసుకున్నదట. అది చెప్పినట్టు అంకెలు మార్చి ఇస్తే, రెండేళ్ళకు ఎండిన బోరు పక్కన ఉత్త రెండు వచ్చింది. ఆరేళ్ళుగా పారుతున్న దాని పక్కన ఆరు వేసి, చిన్న ప్లస్ గుర్తు పెట్టింది. ఆరేళ్ళు ఇచ్చింది, ఇంకా ఇస్తోంది అని. తరువాత తెర మీద ఒక గీత దిగుడుబావిలోకి మెట్లు దిగినట్టు దిగింది. బోరు ఎండిన చోటల్లా ఒక మెట్టు. మెట్ల మీద అక్కడక్కడా ఆ ప్లస్సులు, ఎవరో దీపాలు పెట్టి వెళ్ళినట్టు. రెండేళ్ళ దగ్గర ఆ గీత సగం కూడా దిగలేదు, అంటే సగానికి పైగా బోర్లు రెండేళ్ళు దాటినా నీళ్ళిస్తున్నట్టే. నేను ఆ మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను. లోపల నీళ్ళు కదులుతున్న చప్పుడు వినిపించినట్టే ఉంది.

ఆఫీసు మిర్యాలగూడలో. మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల ఆవిరి బస్సు నిండా కమ్ముకుంది. అధికారి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఈ మెట్లేంటి మేడం?"

నాకు ఆగలేదు. "సచ్చినోళ్ళ వయసే లెక్కవెట్టి, ఊరోళ్ళ ఆయుష్షు గింతే అంటరా సార్? బతికున్నోళ్ళు మనుషులు కారా?"

మేడం నా చెయ్యి నొక్కారు. "కోపం జేబులో పెట్టుకో యాదగిరీ. ఆయనకు చూపించాలి, వినిపించడం కాదు." కుర్చీ ఆయన పక్కకు జరుపుకుని, ఒక్కో మెట్టు మీదా వేలు పెట్టారు. ఇది ఎండింది, ఇది పారుతోంది, ఇదీ పారుతోంది. గొంతు ఎక్కడా పెరగలేదు.

ఆయన అన్నాడు: "బోరు ఎండినవాళ్ళే మా దగ్గరకు వస్తారు మేడం. బోరు పారుతోందని ఎవరు దరఖాస్తు పెడతారు?"

"అందుకే మేం వచ్చాం."

ఆయన టీ తెప్పించాడు. టీ చల్లారేలోపు, ఒక బోరు, అని రాసి సంతకం పెట్టాడు.

నీళ్ళు పడిన రోజు తండా అంతా తడిసి ముద్దయింది. రూప్లా మేడం నెత్తిన కూడా చెంబెడు గుమ్మరించాడు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నాతో అన్నారు: "కంప్యూటరులో ఈ బోరుకు ఇవాళ్టి తారీకు వేసి ఇంకో వరుస మొదలుపెట్టు. దాన్ని నీ అంతట నువ్వు మూయకు. అడుగుతూ ఉండు."

మేడం పోయి చాలా ఏళ్ళయింది. నేను ప్రతి వేసవిలో రూప్లాకు ఫోన్ చేస్తాను. ఈసారి కూడా చేశాను.

"ఇస్తున్నదారా?"

"ఇస్తున్నదే అన్నా, జర సన్నగయింది. ఇన్నేండ్లాయె, బోరెట్లున్నదని అడుగుతవ్ గని, రూప్లాగా నువ్వెట్లున్నవ్‌రా అని ఒక్కపాలి అడగవైతివి!"

"నువ్వు ఫోన్ ఎత్తినవ్ గదరా," అన్నాను. "నీ పక్కన గూడ ప్లస్ వెట్టుకున్న."