ఫౌస్తీనో కూర్చున్న రోజు

ఇసేయో సరస్సు ఒడ్డున ఉన్న మా కార్వేనో చరిత్రను రెండు యుగాలుగా విభజించాలని నా నిశ్చితాభిప్రాయం. మొదటిది, ఊరికి వచ్చిన అతిథి కూర్చున్న కుర్చీలోనే భోజనం మొదలుపెట్టి, అదే కుర్చీలో ముగించిన యుగం. రెండవది ఫౌస్తీనో యుగం.

మునిసిపాలిటీలో పాత రికార్డులు చూసే, అద్దె కాగితాలు రాసే ఉద్యోగం నాది. రోమన్ల దగ్గర్నుంచి మా ఊరిమీద పడ్డవాళ్ళందరి జాబితా నా బీరువాలో ఉంది. అందులో ఏ సేనాపతీ ఇంతమందిని భోజనం మధ్యలో లేపలేదు.

పడవల రేవుకు ఎదురుగా ఫౌస్తీనోకు ఏడు గదుల హోటల్ ఉంది. ఒకే కప్పు కింద రెండు వంటకాలు తినకూడదన్నది అతని సిద్ధాంతం. తన దగ్గర సూపు మాత్రమే. గిన్నె అడుగు కనబడీ కనబడకముందే భుజాన తువ్వాలుతో ప్రత్యక్షమై కుర్చీ వెనక్కి లాగేవాడు.

"లేవండి, లేవండి! చేప ఇక్కడ కాదు."

"ఇంకా రెండు చెంచాలుందయ్యా."

"మీ చెంచాల కోసం చేప ఆగుతుందా? పైన ఓర్సోలా హోటల్. నూట నలభై రెండు మెట్లు. డెబ్బయ్యో మెట్టు దగ్గర మాత్రం ఆగాలి. అయిదు నిమిషాలు సరస్సు చూడాలి. చూడకుండా ఎక్కినవాళ్ళకి చేప అరగదు."

పడక విషయంలోనూ అంతే. మొదటి రాత్రి తన దగ్గర, రెండో రాత్రి ఓర్సోలా మేడగదుల్లో. "ఒకే కిటికీలోంచి రెండు సూర్యోదయాలు చూడటం బద్ధకమండీ" అంటూ పెట్టెలు తనే భుజాన వేసుకుని బయల్దేరేవాడు. పెట్టె వెనక యజమాని, యజమాని వెనక చెప్పులు చేతబట్టుకుని భార్య.

తను మాత్రం ఎక్కడైనా కూర్చున్నాడా అంటే, లేదు. మంగలి అతనికి నిలబెట్టే గడ్డం గీసేవాడు. చర్చిలో చివరి స్తంభం పక్కన నిలబడేవాడు. సొంత చెల్లెలి పెళ్ళి ఫోటోలో కుడి అంచున ఒక మరక ఉంటుంది. అది ఫౌస్తీనో.

ఒకసారి హాలండు నుంచి వచ్చిన పెద్దమనిషి తిరిగొచ్చి ఫిర్యాదు చేశాడు. "డెబ్బయ్యో మెట్టు దగ్గర సరస్సు కనబడలేదండీ."

"ఎంతసేపు చూశారు?"

"రెండు నిమిషాలు."

"అదీ సంగతి! పెళ్ళికూతురు కూడా రెండు నిమిషాల్లో ముసుగు తీయదు."

ఆ మెట్టు ప్రాశస్త్యం మీద నేను నలభై పేజీల వ్యాసం రాశాను. శత్రువుల పడవల్ని లెక్కపెట్టడానికి రోమన్ కాపలావాడు అక్కడే నిలబడేవాడని అందులో నిరూపించాను. నేను మాత్రం ఆ మెట్లెక్కలేదు. పైఊళ్ళో పనిబడితే వాలుగా ఉండే వెనక సందులోంచి వెళతాను. పండితుడికి ఆధారాలు ముఖ్యం గాని ఆయాసం కాదు.

ఇక ఓర్సోలా. ఆమె భర్త ఫెర్మో మంచి వంటవాడు. పదకొండేళ్ళ కిందట పోయాడు. చేప కడుపులో రొట్టెపొడీ చీజూ కూరి, వెన్నలో రెండు గంటలు కాల్చి, మొక్కజొన్న సంకటితో వడ్డించేవాడు. అతను పోయాక కూడా ఆ రుచి వెంట్రుకవాసి తగ్గలేదు. "ఫెర్మో చెయ్యి ఆ ఇంట్లోనే ఉంది" అనుకునేది ఊరు.

మొన్న అక్టోబరులో ఓర్సోలా నా బల్ల ముందుకొచ్చి, "సాన్ మార్తీనోకి హోటల్ ఖాళీ చేస్తున్నా. కాగితం రాయి" అంది. నవంబరు పదకొండున ఆ పండగ. మా వైపు అద్దె ఒప్పందాలన్నీ ఆ రోజుతో తీరిపోతాయి. ఇల్లు మారేవాళ్ళంతా ఆ రోజే మారతారు. ఊళ్ళో మనుషులకంటే పరుపులే ఎక్కువ తిరుగుతాయి.

"ఎక్కడికి?"

"బెర్గామోలో చెల్లెలి దగ్గరికి."

"ఎందుకు?"

"నీ రికార్డులకి ఎందుకన్నది అక్కర్లేదు. ఎప్పుడు అన్నది చాలు."

ఈ మాట చెబితే ఫౌస్తీనో నా బల్లచుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాడు. "ఆవిడ పోతే జనం చేప ఎక్కడ తింటారు?"

"నీ దగ్గరే. నీకూ ఓవెన్ ఉందిగా."

"అది చచ్చి పదకొండేళ్ళయింది!" అని అరిచి, నాలుగో ప్రదక్షిణంలో గుమ్మందాటి వెళ్ళిపోయాడు.

పండగకి మూడు రోజుల ముందు, డెన్మార్కు నుంచి ముప్ఫైఒక్కమంది గాయకబృందం భోజనానికి దిగింది. మెట్టుకి మెట్టు కనబడని పొగమంచు. సూపు అయింది. "లేవండి, లేవండి!" అయింది. "ఈ మంచులో అయిదు నిమిషాలు చాలవు. డెబ్బయ్యో మెట్టు దగ్గర అరగంట చూడండి" అని ఫౌస్తీనో వాళ్ళని తోలాడు.

అదే సమయానికి, ఓర్సోలా సంతకం పెట్టాల్సిన కాగితం పట్టుకుని నేను వెనక సందులో ఎక్కుతున్నాను. సగం దారిలో ఒక ఇంటి అరుగు మీద ఫౌస్తీనో కూర్చుని ఉన్నాడు.

గడియారం చూసుకున్నాను. పన్నెండూ నలభై. ఇలాంటివి నమోదు చేయాలి.

ఒళ్ళో గుడ్డ కప్పిన పెద్ద ట్రే. గుడ్డ సందుల్లోంచి వెన్నలో కాలిన చేప వాసన.

"నీ ఓవెన్ చచ్చిందన్నావు?"

"అరవకు. అప్పుడప్పుడు లేస్తుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఫెర్మో పోయినప్పటి నుంచి. ఇద్దరం ఒకేచోట నేర్చుకున్నాం ఆ వంట. ఓర్సోలా సంకటి బ్రహ్మాండంగా కెలుకుతుంది. చేప మాత్రం... ఆవిడ వండింది నువ్వు తినలేదు కాబట్టి ఇంకా వ్యాసాలు రాస్తున్నావు."

"అయితే డెబ్బయ్యో మెట్టు?"

"వాళ్ళు కాసేపు అక్కడ ఆగకపోతే, ఈ సందులోంచి నేను ముందెలా చేరతానోయ్ పండితుడా? ఒక ట్రే చేర్చాను. ఇది రెండోది. కింద ఇంకా రెండున్నాయి. మోకాలు మాత్రం ఇక నావల్ల కాదంటోంది."

నా నలభై పేజీలూ ఆ మంచులో కలిసిపోయాయి.

ఇంతలో పైనుంచి ఓర్సోలా గరిటెతో దిగింది. "చూశావా పండితుడూ, నేనెందుకు పోతున్నానో? నేనిక్కడుంటే ఈ మనిషి నా చేపలు మోసీ మోసీ ఈ సందులోనే చస్తాడు!"

"నువ్వు పోతే నేను ఎక్కడికి నడవను?"

"నోర్మూసుకుని కూర్చో!"

"కూర్చునే ఉన్నాగా!"

అప్పుడు గమనించింది ఓర్సోలా. గరిటె దించేసింది. ఆమె కూడా అతన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

మెట్ల వైపు నుంచి వచ్చే పక్క సందు మంచులోంచి ఒక భారీ ఆకారం వచ్చింది. బృందనాయకురాలు ఇంగెబోర్గ్. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇరవై నిమిషాలు చూశామండీ. సరస్సు రాలేదు. చేప వాసన మాత్రం వచ్చింది" అంది.

ట్రే చూసింది. మోకాలు చూసింది. గరిటె చూసింది.

"మావాళ్ళు ముప్ఫైమంది మెట్లమీద వరసగా, ఊరికే నిలబడి ఉన్నారు" అంది. "వరసగా నిలబడటం తప్ప మాకు వేరే పని కూడా రాదు."

ట్రేలు చేతులు మారుతూ మెట్లమీదుగా పైకి వెళ్ళాయి. వేళ్ళు కాలినచోట ఒక్కొక్కరు ఒక్కో స్వరంలో అరిచారు. శ్రావ్యంగానే ఉంది. ఆఖరున ఇద్దరు దుక్కల్లాంటి గాయకులు పైనుంచి ఒక కుర్చీ తెచ్చి, ఫౌస్తీనోను అరుగు మీంచి అందులోకి మార్చి, కుర్చీతో సహా ఎత్తారు. "లేపకండి, లేపకండి!" అని అతను పెట్టిన కేకలు రేవుదాకా వినిపించాయి.

సాన్ మార్తీనో రోజున ఊళ్ళో పరుపులు తిరిగాయి. ఓర్సోలా పరుపు కదల్లేదు. నా బల్ల దగ్గర ఇంకో తొమ్మిదేళ్ళకి సంతకం పెట్టింది, ఒక షరతుతో. ఫౌస్తీనో చేప వండవచ్చు, మోయకూడదు.

ఇప్పుడు సూపు కాగానే ఫౌస్తీనో, "లేవండి, లేవండి! ఎవరి చేప వాళ్ళే పట్టుకోండి" అంటాడు. అతిథులు ఫోటోలు తీసుకుంటూ ఇదేదో ప్రాచీన ఆచారమనుకుంటారు. నన్నడిగితే రోమన్లదని చెబుతాను. ముందు చేరాల్సిన అవసరం ఎవరికీ లేకపోయినా, డెబ్బయ్యో మెట్టు నియమం మాత్రం అతను సడలించలేదు.

పోయిన ఆదివారం మంచు విడిచి ఎండ కాసింది. నా చేప నేను పట్టుకుని, మొదటిసారి ఆ మెట్లెక్కాను. డెబ్బయ్యో మెట్టు దగ్గర ఆగి, గడియారం పెట్టుకుని అయిదు నిమిషాలు చూశాను.

ఎదురుగా రొట్టెల దుకాణం వెనక గోడ ఉంది.