ఆకులు కావచ్చు

"ఆకులు కావచ్చు." నా నోటి నుంచి ఈ రెండు మాటలు వచ్చి ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉన్నాయి. మా ఆవిడకు చెప్పలేదు. ఆనాటి స్నేహితుల్లో ఒక్కరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. రాయడం మధ్యలో ఆపను. ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

జగిత్యాలలో కాలేజీ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పేవాణ్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నీళ్ల గురించి తెలియనివాడు చేసిన తప్పు కాదిది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. రోజుకో బంద్, పూటకో రాస్తారోకో. మేమూ టెంటు వేసి వంతులవారీగా దీక్షలో కూర్చునేవాళ్లం. అలాంటి రోజుల్లోనే చుట్టుపక్కల జిల్లాల రసాయన శాస్త్ర అధ్యాపకుల సదస్సు మా ఊళ్లో పెట్టాలనుకున్నారు. రెండు రోజుల సదస్సు. నిర్వహణ నాకు అప్పజెప్పారు. నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. ప్లాస్టిక్ గేటు దాటి లోపలికి రాకూడదు. పర్యావరణం మీద ప్రసంగాలు దంచి, సాయంత్రానికి హాలు వెనక గ్లాసులూ ప్లేట్లూ గుట్టపోసి వెళ్లిపోయే సదస్సులు చూసి చూసి నాకు ఒళ్లు మండేది. ఫ్లెక్సీ వద్దన్నాను. సిరిసిల్ల సాంచాల మీద నేసిన బట్ట తెప్పించి బ్యానర్ రాయించాను. దాని మీద సంవత్సరం వేయొద్దన్నాను, ఏటా అదే కట్టుకోవచ్చని. తాగడానికి కుండలు, స్టీలు గ్లాసులు. తినడానికి మోదుగాకు విస్తర్లు. మన బట్ట, మన కుండ, మన ఆకు అని కనబడ్డవాడికల్లా చెప్పి మురిసిపోయాను. నేను చేస్తున్నది మంచి పనే. ఇప్పటికీ ఆ మాటే అంటాను. మంచి పని చేస్తున్నానన్న పొగరే నన్ను ముంచింది.

విస్తర్లు కుట్టింది రాజవ్వ. కథలాపూర్ దగ్గర ఒక వాడలో ఉండేది. భూమి లేదు. కూలి దొరికితే కూలి, లేకపోతే మోదుగాకు. ఆదివారం మాత్రం కుట్టేది కాదు, చర్చికి వెళ్లేది. పెద్ద సార్లు తినే విస్తర్లని చిన్న చిల్లి కనబడ్డా ఆ ఆకు పక్కన పడేసింది. సదస్సు మొదటి రోజు మంచి చీర కట్టుకుని, బిడ్డను వెంటబెట్టుకుని వచ్చి, తన ఆకుల్లో సార్లు తింటుంటే గేటు దగ్గర నిలబడి చూసింది. లోపలికి వచ్చి తినమన్నాను. వద్దంది. రెండోసారి పిలవలేదు నేను.

ఆ పొద్దున నీళ్ల ట్యాంకర్ రాలేదు. రాస్తారోకోలో ఇరుక్కుంది. కోరుట్ల నుంచి వచ్చే మా సహోద్యోగి శంకర్ ఎందుకైనా మంచిదని స్కూటర్ మీద అడ్డదారిన రెండు సంచుల నీళ్ల ప్యాకెట్లు తెచ్చాడు. గేటు దగ్గరే అతని మీద ఎగిరిపడ్డాను. ఆహ్వాన పత్రికలో ప్లాస్టిక్ లేని సదస్సు అని వేయించుకుని ప్యాకెట్లు పంచుతామా? పరువుండొద్దా? ఆ సంచులు వెనక్కి పంపించేదాకా ఊరుకోలేదు.

హాలు వెనక ఒక సంపు ఉంది. దాని మూత పక్కకు జరిగి ఉంది. చూశాను. వంగి లోపలికి మాత్రం చూడలేదు. ఎందుకు చూడలేదు? చూస్తే ఆ నీళ్లు వాడటానికి వీల్లేకుండా పోతుందేమోనని. మా ల్యాబులో బ్లీచింగ్ పౌడర్ ఉంది. తెప్పించి, కలిపి, కాసేపు ఆగితే ఎంతో కొంత నయమయ్యేది. ఆ లెక్క పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పినవాణ్ని నేనే. అప్పటికే అతిథులు దిగుతున్నారు, మైకు పలకడం లేదు, సదస్సు అధ్యక్షుడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఆ సంపు నీళ్లతోనే కుండలు నింపించేశాను.

మర్నాడు పొద్దున సగం కుర్చీలు ఖాళీ. వాంతులు, విరేచనాలు. లాడ్జి నుంచి ఆటోల్లో ఆసుపత్రికి మోసుకెళ్లారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక పెద్దాయన సెలైన్ ఎక్కుతున్నా మధ్యాహ్నం దాకా కళ్లు తెరవలేదు. ఎవరి ప్రాణమూ పోలేదు, అదే అదృష్టం. నేను మాత్రం నేరుగా ఆసుపత్రికి పోలేదు. హాలు వెనక్కి పరుగెత్తాను. మూత పూర్తిగా లాగి చూశాను.

పావురం. రెక్కలు విప్పుకుని నీళ్ల మీద తేలుతోంది.

తర్వాత నేను చేసిన పనులు తలుచుకుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. బకెట్‌తో దాన్ని తీశాను. గోడ పక్కన గొయ్యి తవ్వి పూడ్చాను. కుండలన్నీ ఒంపేశాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను, అదీ రెండుసార్లు. అప్పుడు ఆసుపత్రికి వెళ్లాను.

వరండాలో అధ్యక్షుడు పట్టుకుని అడిగాడు, ఏమై ఉంటుందని. ఆకులు కావచ్చు అన్నాను. నా గొంతేనా అది? ముందుగా అనుకున్న మాట కాదు, ఒట్టు. నా చెవులకు వినబడ్డాకే నాకూ తెలిసింది. ఎవరు కుట్టారని పక్కనున్నాయన అడిగాడు. వాడ పేరు చెప్పాను. "ఓహో" అన్నాడు. అంతే. ఇంకెవరూ ఏమీ అడగలేదు. అంతా రసాయన శాస్త్రం చదువుకున్నవాళ్లే. నీళ్లు పరీక్ష చేయిద్దామన్నవాడు ఒక్కడు లేడు. వాడ పేరు వినగానే అందరి అనుమానం తీరిపోయింది. తీరిపోతుందని నాకు తెలుసా? తెలుసు. తెలియకపోతే ఆ పేరు అంత గబగబా ఎందుకు చెప్తాను? శంకర్ మాత్రం నా ముఖంలోకి ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

ఆ మాట కథలాపూర్ దాకా పోయింది. పెళ్లిళ్లకు రాజవ్వ ఆకులు వద్దన్నారు. థర్మోకోల్ ప్లేట్లు తెచ్చుకున్నారు. కొందరు ఇంకా పెద్ద మాటలన్నారట, ఆ చేతులతో కుట్టినవి తింటే అంతేనని.

కొన్ని వారాల తర్వాత కోరుట్ల బస్టాండులో రాజవ్వ నాకెదురైంది. తప్పించుకుందామని చూశాను. వెనక నుంచి పిలిచింది.

"సారూ, నా ఆకుల ఏముండె?"

బస్సు బోర్డు వైపు తల తిప్పాను.

"కోపంతోటి అడుగుతలేను సార్. మీరు సదువుకున్నోళ్లు. నేనేం తప్పు జేసిన్నో చెప్తే మానుకుంట. ఆకుల ఉండెనా, పుల్లల ఉండెనా?"

అప్పుడైనా చెప్పొచ్చు. బస్టాండులో మా ఇద్దరి మాట వినేవాడు లేడు. ఒక్క మాట చెప్తే ఆమె తలెత్తుకుని ఊరికి పోయేది.

"వేడినీళ్లల్ల ముంచి తియ్యి రాజవ్వా. ఏమన్న ఉంటే పోతది."

"గంతేనా సార్?" ఆమె ముఖం తేటపడింది. "గట్లనే జేస్త."

దండం పెట్టి వెళ్లిపోయింది. అబద్ధం ఆడినవాణ్ని చూశాను గానీ, అబద్ధానికి వైద్యం చెప్పినవాణ్ని ఎక్కడా చూడలేదు. నేనే మొదటివాణ్ని.

తెలంగాణ వచ్చింది. నేను రిటైరయ్యాను. ఈ మధ్య కొందరు కుర్ర అధ్యాపకులు ఇంటికి వచ్చారు. ప్లాస్టిక్ లేని సదస్సు పెడుతున్నారట. దాన్ని ఇప్పుడు సస్టెయినబిలిటీ అంటున్నారు. ఈ జిల్లాలో ఆ పని మొదట చేసింది మీరేనట కదా సార్, సలహాలివ్వండి అన్నారు. నిర్ఘాంతపోయాను. సంవత్సరం వేయని ఆ బ్యానర్ బీరువాలోంచి తీసి ఇచ్చాను. చేతులు దులుపుకోవడానికేనేమో. విస్తర్లు కుట్టేవాళ్లు కావాలన్నారు. వాళ్లను వెంటబెట్టుకుని ఆ వాడకు వెళ్లాను.

రాజవ్వ లేదు. రెండేళ్లయిందట పోయి. ఆ రోజు గేటు దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ శాంత ఉంది. ముందర పొయ్యి మండుతోంది. పొయ్యి మీద గంజులో నీళ్లు మరుగుతున్నాయి. ఆకులు ఒక్కొక్కటే ముంచి తీసి ఆరేస్తోంది. వేడికి ఆకు నల్లబడుతుంది, చిరుగుతుంది, సగం పారేయాలి. కట్టెల కోసం మళ్లీ గుట్టకు పోవాలి. ఇన్నేళ్లూ తల్లి అలాగే చేసిందట.

నేనెవరో తెలిసి లేచి నిలబడింది.

"అందరు మా అమ్మను తిట్టిండ్రు సార్. మీరొక్కలే ఉపాయం జెప్పిండ్రట. సచ్చేదాంక మిమ్ముల యాది జేసింది."

వేడినీళ్లు అక్కర్లేదు బిడ్డా, మానెయ్యి అన్నాను. అంతవరకే అనగలిగాను.

"వద్దు సార్," అంది శాంత. "మల్ల ఎవలకన్న ఏమన్నయితే?"

కుర్రవాళ్లు నావైపు మెచ్చుకోలుగా చూశారు. నేను తల దించుకుని బయటికి వచ్చేశాను. అక్కడ అనలేని మాట ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సిన మనిషి లేదు. రాస్తుంటే మాత్రం ఇన్నేళ్లకు గొంతు కొంచెం తెరుచుకుంటోంది.

ఆకులు కాదు. నీళ్లు. కావచ్చు కాదు, నీళ్లే. సంపు మూత జరిగి ఉండటం నేను చూశాను.