గోవాడ గిటార్స్, రెండో పక్క

చోడవరం తాలూకాఫీసులో గుమస్తాగా పనిచేసే వేంకటరమణమూర్తికి ఒకటే పిచ్చి. ఎవరూ వినని పాటలే ఆయన వింటాడు. నలుగురూ విన్న పాట చెవిన పడితే, ఎంగిలి కంచంలో అన్నం వడ్డించినట్టు మొహం పెడతాడు. పెళ్లిపందిట్లో మైకులో సినిమా పాటలు మొదలయ్యాయంటే పంక్తిలోంచి లేచి ఇంటికొచ్చేస్తాడు. అదే, ఏ పాత సామాన్ల కొట్లోనో దుమ్ము కొట్టుకుపోయి, పేరు సగం చెరిగిపోయిన గ్రామఫోన్ రికార్డు దొరికిందంటే, పసిపిల్లని తెచ్చినట్టు కండువాలో చుట్టి ఇంటికి తెస్తాడు. తెచ్చాక ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి వినిపిస్తాడు. వినిపించి అడిగేది ఒకటే ప్రశ్న.

"ఇది ఇంతకుముందెక్కడైనా విన్నారా?"

లేదంటే కాఫీ వస్తుంది. విన్నామంటే మంచినీళ్లు వస్తాయి.

ఈ సంగతి ఆయన భార్య రమామణికి పెళ్లిచూపుల నాడే తెలిసింది. అప్పుడు అరవై తొమ్మిదో సంవత్సరం. పెద్దవాళ్లు పాడమంటే ఆమె బుద్ధిగా ఒక కీర్తన ఎత్తుకుంది. పల్లవి పూర్తికాకుండానే పెళ్లికొడుకు చెయ్యెత్తాడు.

"ఇది విన్నదేనండి. విననిదేదైనా ఉందాండి?"

గదిలో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. రమామణికి ఒళ్లు మండింది. వడియాల మీద వాలే కాకుల్ని తోలడానికి వాళ్ల మామ్మ ఒక పాట పాడేది. దానికి రాగం లేదు, తాళం అసలు లేదు, మధ్యలో రెండుసార్లు "హుష్" అనాలి. పోతే పోయింది సంబంధం అనుకుని అది ఎత్తుకుంది, హుష్‌లతో సహా. మూర్తి కళ్లు మూసుకుని విన్నాడు. "ముహూర్తం పెట్టించండి" అన్నాడు.

ఆయన తెచ్చే రికార్డులేమిటో కొంచెం చెప్పాలి. అరవైల చివర్లో విశాఖపట్నం కాలేజీ కుర్రాళ్లకి గిటార్ల గాలి సోకింది. జుట్టు చెవుల మీదికి పెంచుకున్న వాళ్లు నలుగురు చేరితే ఒక బ్యాండు, దానికో ఇంగ్లీషు పేరు. ది వాల్తేరు వేవ్స్, ది భీమిలి బాంబర్స్, ది ఫైవ్ ఫియర్‌లెస్ ఫెలోస్ ఆఫ్ అనకాపల్లి. ఈ చివరివాళ్లు నిజానికి నలుగురే, ఐదోవాణ్ని వాళ్ల నాన్న వదల్లేదు. అందరూ చేసిందీ ఒకటే. చందాలు పోగేసుకుని మద్రాసు వెళ్లడం, ఒక్క రికార్డు ఇవ్వడం, కాపీలు చుట్టాలకి పంచడం, పరీక్ష తప్పడం, ఏదో ఉద్యోగంలో చేరి జుట్టు కత్తిరించుకోవడం. ఆ రికార్డులు చుట్టాల ఇళ్లలో పాలగిన్నెల మీద మూతలయ్యాయి, ఊగే బల్లల కోళ్ల కింద చెక్కలయ్యాయి. మూర్తి ఆదివారం వస్తే సంచీ భుజాన వేసుకుని ఆ మూతలూ చెక్కలూ వెతుక్కుంటూ తిరిగేవాడు.

ఒకసారి తాసిల్దారు గణపతిరావుగారు ఇంటికొచ్చారు. మూర్తి భీమిలి బాంబర్స్‌ని పెట్టాడు. ఆ డ్రమ్ములకి వంటింట్లో గోడకున్న గరిటెలు జారి కింద పడ్డాయి. తాసిల్దారుగారు మర్యాదస్తులు, పాట అయ్యేదాకా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

"ఇది ఇంతకుముందెక్కడైనా విన్నారా సార్?"

"విన్నానయ్యా. మా బావమరిది భీమిలిలో వీళ్ల పక్కింట్లోనే ఉండేవాడు. రోజూ ఇదే గోల. పడలేక ఇల్లు మారిపోయేడు."

మూర్తి మొహం వాడిపోయింది. రికార్డు తీసి, తుడిచి, అట్టలో పెట్టి తాసిల్దారుగారి చేతికిచ్చేశాడు. "దీనికి తెలిసినవాళ్లున్నారు సార్. మీ బావమరిదిగారికే ఇచ్చెయ్యండి" అన్నాడు. తాసిల్దారుగారు ఎంత మర్యాదస్తులంటే, నిజంగానే తీసుకెళ్లి ఇచ్చారు. ఆ బావమరిది మళ్లీ వాళ్ల గుమ్మం తొక్కలేదు.

రమామణికి ఇవన్నీ అలవాటైపోయాయి. అంతుపట్టనిది ఒక్కటే మిగిలింది. ఏడేళ్లలో మొగుడు వందకి తక్కువ కాకుండా రికార్డులు తెచ్చాడు. గూట్లో చూస్తే ఎప్పుడూ పదికి మించవు.

"అవన్నీ ఏటైపోతన్నాయండీ?" అని అడిగేది.

"ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళ్తన్నాయి" అనేవాడు మూర్తి, జాతకం చెప్పినట్టు.

ఈయనలాంటి పిచ్చివాళ్లు ఇంకా ఉండి ఉంటారు, మార్చుకుంటున్నారు కాబోలు అని ఆమె సరిపెట్టుకుంది.

డెబ్బై ఆరు వేసవిలో చోడవరం ఆడవాళ్లకి కొత్త విద్య పట్టుబడింది. పక్కింటి బాలాత్రిపురసుందరి దాన్ని విశాఖపట్నంలో చెల్లెలి దగ్గర నేర్చుకొచ్చింది. మరిగే నీళ్లలో రికార్డు ముంచితే తడిసిన అప్పడంలా మెత్తబడుతుంది. దాన్ని చెంబు మీద బోర్లించి అంచులకి కుచ్చిళ్లు పెడితే, చల్లారేసరికి పువ్వులాంటి నల్ల గిన్నె తయారు. నెల తిరిగేసరికి ఆ వీధిలో పాత రికార్డన్నది మిగల్లేదు. మూర్తి అడ్డు చెప్పకపోగా ఉత్సాహపడ్డాడు.

"సినిమా పాటలన్నీ ముంచెయ్యి. ఊరంతా విన్నవే కదా. గూట్లోవి మాత్రం ముట్టుకోకు."

రమామణి ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. గూట్లో ఒక్కదాన్ని ముట్టుకోలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం మూర్తి రావికమతం నుంచి ఎగురుకుంటూ వచ్చాడు. అక్కడ ఒక సోడాకొట్లో ఐసుపెట్టె మీద మూతగా ఉన్న రికార్డు పట్టుకొచ్చాడు. దానికి అట్ట లేదు. దుమ్ము పడుతుందని చేతికందిన సినిమా పాటల అట్టలో దాన్ని దోపి, బల్ల మీద పెట్టి, ప్లేయరుకి బ్యాటరీలు కొనడానికి బజారుకి పరుగెత్తాడు. అరగంటలో తిరిగొచ్చేసరికి రమామణి జంతికలు పట్టుకొచ్చి ముందు పెట్టింది.

"గిన్నె ఎలా ఉంది? ఎనిమిది కుచ్చిళ్లు వచ్చేయి."

మూర్తి మూడు జంతికలు తిన్నాడు. నాలుగోది తీస్తుంటే గిన్నె అడుగున గుండ్రటి ఎర్ర కాగితం కనిపించింది. దాని మీద 'ది గోవాడ గిటార్స్' అని ఉంది. ఆయన నమలడం ఆపేశాడు. మిగిలిన జంతికలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు.

"రేపు పొద్దున్న తెస్తానని కబురు పంపేసేను" అన్నాడు.

"ఎవరికండీ?"

"బంగార్రాజుకి. ఇది పాడినవాడు. గోవాడ పక్క పల్లెలో చెరకు పండిస్తన్నాడు. అరవై ఎనిమిదిలో రికార్డిచ్చి వస్తా, కాపీల పెట్టె రైల్లో మర్చిపోయేరు. చేతిసంచీలో ఉన్నవి పదో పన్నెండో, అవీ తలో చోటికీ పోయేయి. అతని దగ్గర ఒక్కటీ లేదు. నేను రికార్డిచ్చినోణ్ని అని చెప్పుకునే పెళ్లి చేసుకున్నాడట. ఎనిమిదేళ్లుగా అత్తగారు చూపించమంటంది."

"నమ్మరా?"

"ఇప్పుడు అతనేది చెప్పినా నమ్మరు. పోయినేడు చెరకుతోటలో అడవిపంది పడిందని కేకేస్తే, ఇదీ రికార్డు లాటిదే అని ఊళ్లో ఒక్కడు కదల్లేదు. పంది కడుపునిండా తిని నడుచుకుంటా వెళ్లిందట. మూడేళ్లుగా దీనికోసం వెతుకుతన్నాను."

రమామణి గూటివైపు చూసింది. "అయితే ఇన్నాళ్లూ మీరు తెచ్చినవన్నీ..."

"పాడినవాళ్లకే. నలుగురూ విన్న పాటకి నాతో పనేటి? ఎవరూ వినలేదన్నారంటే, పాడినవాడు కూడా మళ్లీ విని ఉండడని లెక్క. వాల్తేరు వేవ్స్ డ్రమ్ములాయన మాడుగుల్లో హల్వా కలుపుతన్నాడు. రికార్డు చూసి గరిటె వదిలేసేడు. ఆ వేళ హల్వా అడుగంటిపోయింది."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే ధర్మకార్యంలా ఉంటుంది. నాకు నిజంగా పాటలంటేనే ఇష్టం."

రమామణికి మొగుడి మీద ఒక్కసారిగా ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది, తన కుచ్చిళ్ల మీద అంత కోపమూ వచ్చింది. కళ్లు తుడుచుకుని కొంగు దోపింది.

"లేవండి, నీళ్లు మరగబెట్టండి. వంచినదాన్ని నేనే, తిన్నగా చెయ్యలేనా."

గిన్నెని మళ్లీ ముంచారు. మెత్తబడ్డాక రెండు పీటల మధ్య పెట్టారు. పై పీట మీద కందుల బస్తా వేశారు, చాల్లేదు. బస్తా మీద బాలాత్రిపురసుందరిని కూర్చోబెట్టారు, సరిపోయింది.

"ఎంతసేపు కూర్చోవాలే?"

"లేవమనేదాకా. కదలకు."

ఆవిడ ఒక వారపత్రిక ఆసాంతం చదివి, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, చిన్న కునుకు కూడా తీసింది. లేపి చూస్తే గిన్నె మళ్లీ రికార్డయింది. కాస్త చెరువులో అలల్లాంటి రికార్డు. మొదటి పక్క ముల్లు పెడితే గురక తప్ప ఏమీ రాలేదు. రెండో పక్క మాత్రం పలికింది. గొంతు ఒకసారి నూతిలోకి దిగి, ఒకసారి కొబ్బరిచెట్టెక్కి పాడుతోంది.

"ఇది ఇంతకుముందెక్కడా విన్లేదండీ" అంది రమామణి భయంభయంగా.

"ఇలా అయితే పాడినవాడూ విని ఉండడు" అన్నాడు మూర్తి.

ఆదివారం పొద్దున్నే సూట్‌కేసులా మూసుకునే ప్లేయరు పట్టుకుని ఇద్దరూ బస్సెక్కారు. బంగార్రాజు వాకిట్లో అప్పటికే సగం పల్లె కూర్చుని ఉంది. అతను వాళ్లకి ఎదురొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లవాడు, రాత్రంతా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. అరుగు మీద నవారు మంచానికి అడ్డంగా అత్తగారు మంగాయమ్మ కూర్చుంది. గుమ్మంలో భార్య నరసమ్మ నిలబడింది.

"ఏటి బాబూ, ఈడు పాట ఆ పెట్టిలోంచొస్తాదా?" అంది మంగాయమ్మ. "ఈడు సెప్తే మీరూ నమ్మేరా? సదూకున్నోరు."

మూర్తి పెట్టె తెరిచి ముల్లు పెట్టాడు. గిటారు టింగుమంది. బ్యాండు పేరులో గిటార్స్ అని ఉన్నా ఆ ఒక్కటే గిటారు, రెండోది ఫోటో కోసం చెక్కతో చేయించింది. అలల మీద ఊగుతూ గొంతు లేచింది.

"ఓ అచ్చియ్యమ్మా, మెల్లగ నడవమ్మా... నీ యెనక నడవలేక కాళ్లు నొప్పమ్మా..."

జనం బంగార్రాజు వైపు చూశారు, పెట్టె వైపు చూశారు. ఆ ఊగిసలాటలో అది ఎవరి గొంతైనా కావచ్చు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. రమామణి తన ఎనిమిది కుచ్చిళ్లనీ మనసులో తిట్టుకుంది. ఇంతమందిలో బంగార్రాజు పరువు తన చేతుల్లోనే ఉడికిపోయిందని ఏడుపొచ్చింది.

అంతలో చరణం చివర పెట్టెలోంచి ముక్కు ఎగపీల్చిన చప్పుడొచ్చింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో, కంగారుకి, బంగార్రాజు కూడా ముక్కు ఎగపీల్చాడు. రెండు చప్పుళ్లూ ఒకటే.

మంగాయమ్మ చెయ్యెత్తింది. "ఆపకండి బాబూ. ఆ ముక్కు మావోడిదే. ఎనిమిదేళ్ల బట్టి గోడవతల్నుంచి యింటన్నాను, నాకు తెల్దా."

పాట అయ్యాక మంగాయమ్మ మంచం మీంచి లేచి, కొంగుతో దాన్ని దులిపింది. "అల్లుడుగోరూ, కూకోండి" అంది. ఎనిమిదేళ్లలో ఆమె అతన్ని ఒరే అనకుండా పిలవడం అదే మొదలు. బంగార్రాజు మంచం అంచున కూర్చుని, రికార్డు రెండు చేతుల్లోకి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక దాన్ని పంచెతో తుడుస్తూ ఉండిపోయాడు. రమామణికి ఇంత ఆనందం తన పెళ్లినాడు కూడా కలగలేదు.

గుమ్మంలోంచి నరసమ్మ దిగింది.

"బాగుంది. ఇంతకీ అచ్చియ్యమ్మెవులు?"

బంగార్రాజు నోరు తెరిచాడు. ఎనిమిదేళ్లుగా నిజమే చెప్పి చెప్పి ఆ నోటికి వేరే అలవాటు లేదు. ఇప్పుడూ నిజమే చెప్పబోతున్నాడని రమామణికి అర్థమైపోయింది.

"గేదె" అన్నాడు మూర్తి.

"గేదేటి బాబూ?" అంది నరసమ్మ.

"అప్పట్లో వీళ్లింట్లో ఉండేదమ్మా. రోజూ మేతకి తోలుకెళ్లేవాడు. పాట విన్నావు కదా, మెల్లగా నడవమంటన్నాడు, వెనక నడవలేనంటన్నాడు. మనిషినైతే అలా అంటారా?"

నరసమ్మ మొగుడి కళ్లలోకి చూసింది. అతను ముక్కు ఎగపీల్చి, తల ఊపాడు.

"ఊరుకోయే గుంటా" అంది మంగాయమ్మ. "రికార్డంటే అబద్దమన్నాం, అది నిజమే అయింది. గేదంటే మాత్రం అబద్దమెందుకౌద్ది?"

తిరుగు బస్సులో రమామణి మొగుడి చెవి దగ్గరికి వంగింది. "నిజంగా గేదేనా?"

"చోడవరంలో టైపు నేర్చుకునేదట. ఇతను బడ్డీకొట్టు దాకా వెనకాలే నడిచేవాడట."

"మరి అబద్ధమాడేరే."

"రికార్డు గురించి ఆడలేదు. గేదె గురించి ఆడేను" అన్నాడు మూర్తి, పాత మూతలేమైనా కనిపిస్తాయేమోనని కిటికీలోంచి సోడాకొట్ల కేసి చూస్తూ.

ఆ దసరాకి నరసమ్మ పాడిగేదెని కొంది. దానికి అచ్చియ్యమ్మ అని పేరు తనే పెట్టింది. రోజూ పొద్దున్నే ఊరంతా వినేలా ఆ పేరు పెట్టి పిలిచి, దాని వెనకాలే నడిచి మేతకి తోలుకెళ్లే పని మొగుడికి అప్పగించింది. మూర్తి మాట నమ్మి పెట్టిందో, నమ్మకే పెట్టిందో, బంగార్రాజు ఇప్పటివరకూ అడగలేదు.